పర్లాకిమిడి ఇంట్లో పాత ఫొటోలు: ఆర్కైవ్‌కి ఇవ్వాలా, ఇంట్లోనే ఉంచాలా?

పర్లాకిమిడి కుర్రోడు: తాతగారి ట్రంకుపెట్టెలో నూట ఇరవై దాకా ఫొటోలు దొరికాయి. పెళ్లి గ్రూపులు, బోసి నోటి ముసలాళ్లు, నౌపడా చిన్న రైలు ముందు పంచెలతో నిలబడ్డ నలుగురు. బాబాయి భువనేశ్వర్‌లో పాత కాగితాలు, ఫొటోలు భద్రపరిచే ఏదైనా ఆర్కైవ్‌కి ఇచ్చేద్దామంటారు. పెద్దత్తేమో ఇంటి ఆడవాళ్ల ఫొటోలు ఊరంతా చూడాలా అని ఒకటే కేకలు. మీరేమంటారు?

బరంపురం మాస్టారు: ఇచ్చేయి బాబూ. అటక మీద ఉంచితే చెదలకే. మా ఇంట్లో ఉప్పుగాలికి ఫొటో ఫ్రేము అద్దానికి అతుక్కుపోయింది, తెలియక లాగాను, నాన్నగారి ముఖం అద్దం మీదే ఉండిపోయింది. అద్దంతో సహా స్కాన్ చేయించాల్సిందట!

కాశీనగర్ కోడలు: నేనొప్పుకోను మాస్టారూ. మావాళ్లు నాలుగు ఫొటోలు ఒక ప్రదర్శనకిచ్చారు. కింద ‘గజపతి జిల్లా కుటుంబం, ఒడిశా’ అని రాసి ఊరుకున్నారు. గజపతి జిల్లా పుట్టిందే 1992లో, ఒడిశా రాష్ట్రం 1936 ఏప్రిల్ 1న. ఫొటో అంతకుముందుది, అప్పుడు మనం మద్రాసు ప్రెసిడెన్సీ. వెనకాల మా మామ్మ తెలుగులో తొమ్మిది పేర్లు రాసింది, అవి చదివే మనిషి అక్కడ లేడు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిని ఒడిశాలో కలపడం నచ్చక రాజమండ్రి వెళ్లిపోయారు. ఫొటోలు ఎక్కడికి వెళ్తాయి?

మాస్టారు: అయితే శ్రీకాకుళంలో ఇవ్వమంటావా అమ్మా? అక్కడివాళ్లకి మనం ఒడిశా వాళ్లం. 1900లో వేసిన ఆ రైలు ఫొటోనే తీసుకో, నౌపడా ఆంధ్రలో, పర్లాకిమిడి ఇటు. సగానికి చింపుతామా?

స్టూడియో బావ: అసలు ఫొటోలు ఇవ్వడమెందుకండీ? 600 డీపీఐలో, అంటే సన్న వివరాలు కూడా కనిపించేలా స్కాన్ చేసి, నాణ్యత తగ్గని టిఫ్ ఫైళ్లుగా కాపీ ఇవ్వండి. ముందువైపే కాదు, వెనకవైపు కూడా. మాలాంటి షాపులవాళ్లు వెనకవైపు చేయరు, అడిగి చేయించుకోవాలి. పాడైపోయే ప్రమాదమున్న పాత రికార్డుల కోసం బ్రిటిష్ లైబ్రరీ నడిపే ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ పద్ధతి ఇదే, కాపీలే లైబ్రరీకి వెళ్తాయి, అసలువి ఏ దేశానివి ఆ దేశంలోనే ఉంటాయి. తమిళనాడు పాత స్టూడియోల ఫొటోలు అలాగే చేశారు. ఇంకోటి, వేరే ఒప్పందం లేకపోతే డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో హక్కు తీయించుకున్నవాళ్లదే, స్టూడియోది కాదు.

కోడలు: కాపీ అయితే సరే. కానీ పేర్లు మనమే తెలుగులో, ఒడియాలో రాసివ్వాలి. బతికున్నవాళ్లని అడగకుండా పెట్టకూడదు, ఈ విషయంలో మీ పెద్దత్త వైపే నేను.

కుర్రోడు: నిన్న పెద్దత్తని కూర్చోబెట్టి పేర్లు అడిగాను. రెండు గంటల్లో పద్దెనిమిది ఫొటోలే అయ్యాయి, ఒక్కో ముఖానికి ఒక్కో తగాదా మరి. రైలు ముందు నాలుగో ఆయన మనవాడే కాదట, పెళ్లికొచ్చి ఫొటోలో దూరాడట. ఆ ఒక్కటీ ఇచ్చేయమంది.