అమ్మకు మొదటిసారి కీళ్లవాతానికి రిటుక్సిమాబ్ అనే మందు నరంలోకి ఎక్కిస్తున్నారు, ఆ రోజు ఎలా ఉంటుంది?

అందరికీ నమస్కారం. మా అమ్మకు 62 ఏళ్లు. చాలాకాలంగా రుమటాయిడ్ కీళ్లవాతం. మాత్రలు పనిచేయడం మానేశాయి, పొద్దున్నే పాలగిన్నె రెండు చేతులతో కూడా ఎత్తలేకపోతోంది. వచ్చే గురువారం హైదరాబాద్‌లో ఆసుపత్రి డే కేర్‌లో (అదే రోజు ఇంటికి పంపే విభాగం) రిటుక్సిమాబ్ 1000 మి.గ్రా. ఎక్కిస్తారు, రెండు వారాలకు మరొకటి. హెపటైటిస్ బి పరీక్ష చేశారు, లేదని వచ్చింది.

అరగంట ముందు స్టెరాయిడ్, అలర్జీ రాకుండా మందు, పారాసిటమాల్ ఇస్తారట. గంటకు 50 మి.గ్రా. చొప్పున మొదలుపెట్టి మెల్లగా పెంచుతారట. బీపీ మాత్ర ఆ ఉదయం వేయాలా వద్దా అన్నది డాక్టరు గారికి ఫోను చేసి కనుక్కుంటాను.

నా దిగులంతా ఆమె నరాల గురించే. పోయినసారి సెలైన్ పెట్టడానికి నాలుగు చోట్ల గుచ్చారు, మణికట్టు పైన వారం రోజులు నల్లగా కమిలిపోయింది. నరం సులువుగా దొరకడానికి మీరేం చేశారు? ముందురోజు నీళ్లు బాగా తాగించడం, చేతికి కాపడం పెట్టడం పనిచేశాయా? పక్కన ఒకరిని కూర్చోనిస్తారా? చలి, గొంతులో దురద, ఆయాసం వస్తే వెంటనే నర్సును పిలవాలని చెప్పారు, కానీ అమ్మ ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని ఓర్చుకునే మనిషి. అదే సాయంత్రం సూర్యాపేటకు బస్సులో తీసుకెళ్లవచ్చా, రాత్రికి హైదరాబాద్‌లోనే ఆగడం మంచిదా?

ఈ మందు ఎక్కించుకున్నవాళ్లు, తోడు వెళ్లినవాళ్లు దయచేసి చెప్పండి.