అప్‌డేట్: టీవీ యాప్ గైడ్‌లో వేళలు చివరికి కుదిరాయి

విజయనగరం గంటస్తంభం దగ్గర్లోని మా ఇంట్లో, టీవీ యాప్ గైడ్ (కార్యక్రమాల వేళల పట్టిక) రాత్రి 7 గంటల వార్తలను మధ్యాహ్నం 1:30కి చూపిస్తోందని కిందటి వారం అడిగాను. టైమ్ జోన్ చూడమని ఒకరు సూచించినప్పుడు, టీవీ బాక్స్ గడియారం సరిగానే ఉంది కదా అని కొట్టిపారేశాను, పొరపాటు నాదే.

సెట్టింగ్స్ తెరిచి చూస్తే ఆటోమేటిక్ సమయం ఆపేసి ఉంది, జోన్ గ్రీనిచ్‌లో ఉంది. ఆ మధ్య గడియారం తప్పుగా కనబడడంతో నాన్నగారు అంకెలను మాత్రం చేత్తో దిద్దారట. అందువల్ల తెరమీద మన సమయమే కనబడుతున్నా, గైడ్ ఫైలులో +0530 గుర్తుతో (గ్రీనిచ్ కంటే అయిదున్నర గంటలు ముందు, అంటే మన సమయం అని) వచ్చే ప్రతి వేళనూ బాక్స్ గ్రీనిచ్ లెక్కలోకి మార్చి, సరిగ్గా అయిదున్నర గంటలు వెనక్కి జరిపి చూపిస్తోంది.

జోన్‌ను కోల్‌కతాకు (అంటే మన సమయానికి) మార్చి, ఆటోమేటిక్ సమయాన్ని ఆన్ చేశాక వార్తలు ఏకంగా అర్ధరాత్రి 12కి వెళ్లాయి. మీకు రాసిన తర్వాత తోచక యాప్‌లో నేనే పెట్టిన 5 గంటల సవరణ (అందులో అరగంట పెట్టే వీలే లేదు) ఇంకా అలాగే ఉందన్నమాట. దాన్ని సున్నా చేసి, నిల్వ ఉన్న పాత గైడ్ సమాచారాన్ని తుడిచి మళ్లీ దింపుకున్నాను.

ఒక్క భక్తి ఛానల్ మాత్రం తెల్లవారి 5 గంటల సుప్రభాతాన్ని 10:30కి చూపింది. దాని వేళల పక్కన +0530 లేదు. గైడ్ ఫైళ్లు రాసే ఎక్స్‌ఎమ్‌ఎల్‌టీవీ పద్ధతిలో ఆ గుర్తు లేని వేళను యూటీసీగానే (అంటే గ్రీనిచ్ లెక్కలోనే) లెక్కిస్తారు. ప్లేలిస్టులో (యాప్‌కిచ్చే ఛానళ్ల జాబితా ఫైలు) ఆ ఛానల్ వరుసలో, గైడ్ వేళలను గంటల లెక్కన జరిపే టీవీజీ-షిఫ్ట్ విలువను -5.5గా రాయగానే అదీ కుదిరింది.