వడ్డేపల్లి ఇంటి హాలుకు ఏ రంగు, ఏ ఫినిషింగ్ వేయించాలి?

అన్నలు, అక్కలు, ఒక సలహా కావాలి. హన్మకొండ వడ్డేపల్లి చెరువు దగ్గర మా నాన్న కట్టించిన ఇల్లు ఉంది. దసరా తర్వాత కిరాయికి ఇద్దామనుకుంటున్నం. చూడవచ్చినోళ్లకు లోపల అడుగు పెట్టంగనే నచ్చాలె.

హాలు 12 బై 16 అడుగులు. ఉత్తరం దిక్కు ఒక్కటే కిటికీ, పగలు కూడా మసకగానే ఉంటది. గోడల మీద ఏండ్ల సంది వేసిన సున్నం పొరలున్నయి, రుద్దితే చేతికి తెల్లగా అంటుతది. కింద 2 అడుగుల దాకా చెమ్మ, ఉప్పు పొక్కులు. పోయినేడు ఒక పెయింటర్ సున్నం గీకకుండనే పుట్టీ (గోడ నున్నగ చేసే పూత) పెట్టి ఎమల్షన్ (నీళ్లల్ల కలిపే రంగు) కొట్టిండు. ఒక్క వానాకాలానికే పెచ్చులు ఊడినయి. నాన్న ఆ గోడ దిక్కు చూసినప్పుడల్లా నాకు పానం కలుక్కుమంటది.

ఈసారి సున్నం మొత్తం గీకించి, ప్రైమర్ (రంగు గట్టిగ పట్టేటందుకు ముందు వేసే పూత) వేసినంకనే రంగు. కానీ చెమ్మ సంగతే తెగుతలేదు. కింది ప్లాస్టర్ చెక్కించి వాటర్‌ప్రూఫింగ్ కలిపి మళ్లీ చేయించాల్నా? వానలు తగ్గి గోడ పూర్తిగా ఎండేదాకా ఆగాల్నా? పండుగ దగ్గరపడుతుందని తొందర పడితే మళ్లీ అదే గతి అయితదని భయం.

రంగు లేత మీగడ అనుకుంటున్న, సీలింగ్‌కు తెల్లది. ఇంట్లోవాళ్లు ఒక గోడకు ముదురు టెక్స్చర్ అంటున్నరు. హాలు ఇంకా చీకటైతదేమో? ఫినిషింగ్ మ్యాట్ (మెరుపు లేనిది) అయితే గోడ ఎగుడుదిగుళ్లు దాస్తది, కానీ మరకలు సరిగ్గ పోవు. సాటిన్ తుడవొచ్చు, కానీ మెరుపుకు ప్రతి అతుకూ కనపడతది. పాత సున్నపు గోడలున్నోళ్లు, మీ ఇండ్లల్ల ఏది నిలబడ్డదో చెప్పుండ్రి.