హెర్బ్ మొక్కలన్నీ ఒకే మడిలో వేయొచ్చా, విడివిడిగా వేయాలా?

పెరటిగట్టు
వంటింటి తలుపు పక్కన 3 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు ఖాళీ నేల ఉంది. పుదీనా, కొత్తిమీరతో పాటు విదేశీ వంటల్లో సువాసనకు వేసే పార్స్లీ, బేసిల్, రోజ్‌మేరీ, థైమ్ వేద్దామని ఉంది. సగం మడికి రోజంతా ఎండ, మిగతా సగానికి మధ్యాహ్నం నుంచి గోడ నీడ. అన్నీ ఒకే మడిలో ఉంటే నీళ్లు పెట్టడం, కోసుకోవడం తేలికని నా ఆలోచన. ఇంట్లో వాళ్లు కుండీలే మేలంటున్నారు. వేసి చూసినవాళ్లు చెప్పండి.

చిగురు
ఒకే మడి వేయండి, భయం లేదు. ఐదేళ్లుగా నాది అదే పద్ధతి. నేలలో వేరు లోతుకు దిగుతుంది కాబట్టి ఒక రోజు నీళ్లు మరిచినా మొక్క తట్టుకుంటుంది. కుండీలో అది కుదరదు. పైగా పుదీనా, బేసిల్, రోజ్‌మేరీ, థైమ్ అన్నీ ఒకే కుటుంబం, లామియేసీ. అడుగు లోతు తవ్వి, బాగా మాగిన కంపోస్టు కలపండి. తలుపు పక్కనే ఉంటే రోజూ తుంచుతాం, తుంచేకొద్దీ బేసిల్ గుబురుగా వస్తుంది. దూరంగా వేస్తే చూసేలోపే పూతకొస్తుంది.

మట్టివాసన
చిగురు గారూ, తలుపు పక్కన ఉండాలన్నది నూటికి నూరుపాళ్లు నిజం. ఒకే మడి అన్న దగ్గరే నాకు అభ్యంతరం.

నేనూ అలాగే బేసిల్ పక్కన రోజ్‌మేరీ పెట్టాను. మధ్యాహ్నానికి బేసిల్ ఆకులు వేలాడేవి, సాయంత్రం మడంతా తడిపేదాన్ని. కొన్నాళ్లకు రోజ్‌మేరీ కొనలు పసుపెక్కాయి. దాహమేమో అనుకుని దానికి ఇంకో చెంబు ఎక్కువ పోశాను. చివరికి పట్టి లాగితే మొక్క ఇట్టే ఊడొచ్చింది. వేళ్లు గోధుమరంగుకు తిరిగి మెత్తబడ్డాయి. ఒక వేరును కొనగోళ్లతో పట్టి లాగితే పైపొర తొడుగులా జారిపోయి లోపల దారం లాంటిది మిగిలింది. మురుగు వాసన. నీళ్లు ఎక్కువైన మొక్క, తక్కువైన మొక్క పైకి ఒకేలా వాడిపోతాయి. అక్కడే నేను మోసపోయాను.

కుటుంబం ఒకటైనంత మాత్రాన దాహం ఒకటి కాదండి. రోజ్‌మేరీ, థైమ్, ఒరేగానో మధ్యధరా తీరాల్లో రాళ్ల నేలల్లో పుట్టినవి. అక్కడ ఎండాకాలం వాన చాలా తక్కువ. వాటికి రోజుకు 6 గంటలకు తక్కువ కాకుండా ఎండ కావాలి, నీళ్లు నిలవని నేల కావాలి. ఎరువు ఎక్కువైతే మెత్తటి ఆకు బాగా పెరుగుతుంది గానీ వాసన పలచబడుతుంది. మీరు చెప్పిన కంపోస్టు బేసిల్‌కు, పార్స్లీకి బలం, థైమ్‌కు బరువు. కాబట్టి ఏ మొక్క పక్కన ఏది అన్నది దాహాన్ని బట్టే తేల్చుకోవాలి.

చిగురు
మీ బాధ అర్థమైంది. కానీ మాది ఇసుక నేల, పోసిన నీళ్లు పోసినట్టే దిగిపోతాయి. మా రోజ్‌మేరీ నాలుగేళ్లుగా బేసిల్ పక్కనే బతుకుతోంది. తప్పు పక్క మొక్కది కాదు, నేలది.

కుండీలవరుస
ఇద్దరూ పుదీనాను వదిలేశారు! అది మట్టి కింద తీగలు సాగించి ఏడాది తిరిగేసరికి థైమ్ మధ్యలోంచి లేస్తుంది. పీకినా, మట్టిలో చిన్న ముక్క మిగిలితే చాలు, మళ్లీ మొలుస్తుంది. దాన్ని కుండీలోనే ఉంచాలి. మడిలోనే కావాలంటే కుండీతో సహా పాతి, అంచు రెండు అంగుళాలు పైకి ఉంచండి. అంచు దాటిన తీగను వారానికోసారి తుంచండి. నన్నడిగితే అన్నీ కుండీల్లోనే వేసి, అడుగున గులకరాళ్లు పరవడం మేలు.

మట్టివాసన
పుదీనా సంగతి ఒప్పుకుంటాను. గులకరాళ్లు మాత్రం వద్దు. సన్నటి మట్టిలోని నీరు, ఆ మట్టి పూర్తిగా నానితే గానీ కిందున్న రాళ్లలోకి దిగదు. అంటే రాళ్లు వేసినకొద్దీ తడి పొర పైకి, వేళ్ల దగ్గరికి జరుగుతుంది. అడుగున రంధ్రాలుంటే చాలు. కుండీ మట్టి అంతటా ముతక ఇసుక గానీ పెర్లైట్ (తేలికైన తెల్లటి గుల్ల రాతి పలుకులు) గానీ కలపండి.

కొత్తిమీర నారు పోసి నాటకండి. దానిది తల్లివేరు, కదిపితే తొందరగా పూతకొస్తుంది. వేడికీ అంతే. నీడ సగంలో నేరుగా విత్తి, రెండు మూడు వారాలకోసారి కొత్త వరుస వేస్తుండండి.

పెరటిగట్టు
నిన్న సాయంత్రం అడుగు లోతు గుంట తవ్వి నీళ్లు నింపాను. ఇంకాక మళ్లీ నింపాను. పొద్దున చూస్తే ఇంకా జానెడు నీళ్లున్నాయి. మాది బంకమట్టే.

చిగురు
అయితే మడిలో రోజ్‌మేరీ మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. బంకమట్టిలో ఇసుక మాత్రం కలపకండి, కొద్దిగా కలిపితే ఇంకా గట్టిపడుతుంది. అయినా కుండీకి ఒప్పుకోను. ఎండ తగిలే కొసన చుట్టూ రాళ్లు పేర్చి అడుగు ఎత్తు మడి కట్టండి, గుల్ల మట్టి బయటినుంచి తెచ్చి నింపండి.

పెరటిగట్టు
రాళ్లున్నాయి. నీడ వైపు కొత్తిమీర, పార్స్లీ, నడుమ బేసిల్, పుదీనా పాతిన కుండీలో. రోజ్‌మేరీ మొక్కలు రెండు తెస్తాను, ఒకటి ఎత్తు మడిలో, ఒకటి మట్టి కుండీలో పెడతాను. ఒక వానాకాలం దాటాక రెండూ ఎలా ఉన్నాయో ఇక్కడే రాస్తాను.