మేరీ రోజ్ యుద్ధనౌక: మునిగిన రోజుకు ముందు 34 ఏళ్లు

ప్రశ్న:
ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్ మ్యూజియంలో మేరీ రోజ్ ఓడను ఈమధ్యే చూసి వచ్చాము. 1545 జూలై 19న, ఎనిమిదో హెన్రీ రాజు ఒడ్డు నుంచి చూస్తుండగానే అది మునిగిపోయిందన్న సంగతే అందరూ చెబుతారు. కట్టడంలోనే లోపం ఉందని, తొలి ప్రయాణంలోనే మునిగిందని మా బంధువు ఒకరు అంటున్నారు. అది నిజమేనా? ఆ ఓడ అంతకుముందు ఏం చేసింది, అందులో ఎవరు పనిచేశారు?

మొదటి జవాబు:
నిజం కాదండీ. తొలి ప్రయాణంలో మునిగింది 1628 నాటి స్వీడన్ ఓడ వాసా; ఈ రెండింటినీ చాలామంది కలిపేస్తుంటారు. 1511లో నీళ్లలోకి దిగిన మేరీ రోజ్, ఆ మరుసటి ఏడాదే ఫ్రాన్స్‌తో యుద్ధానికి వెళ్లి, నౌకాదళాధిపతి ఎడ్వర్డ్ హోవర్డ్ ఎక్కిన ప్రధాన నౌకగా బ్రెస్ట్ రేవు దగ్గర పోరాడింది. 1513లో ఆయన తన ఓడలన్నిటికీ పందెం పెట్టి చూసి, వీటిలో ఇదే మేలైనదని రాజుకు ఉత్తరం రాశారు. 1522లో మళ్లీ ఫ్రాన్స్ మీదికి వెళ్లింది. ఆ తర్వాత చాలా ఏళ్లు రేవులోనే ఉండి, 1536 ప్రాంతంలో మరమ్మతులు జరిగి, మరిన్ని బరువైన ఫిరంగులతో తిరిగి సిద్ధమైంది. ఇంత సేవ చేసిన ఓడను ఒక్క మధ్యాహ్నంతో అంచనా వేయడం అన్యాయమని నా అభిప్రాయం.

రెండో జవాబు:
సిబ్బంది గురించి నాకు తెలిసినది చెబుతాను. ఓడ మునిగిన మరుసటి ఏడాది, అంటే 1546లో పూర్తయిన రాజుగారి ఓడల పట్టికలో దీనికి 200 మంది నావికులు, 185 మంది సైనికులు, 30 మంది ఫిరంగి పనివారు ఉన్నట్లు రాశారు. సముద్రం అడుగున బురద కప్పేయడం వల్ల వారి వస్తువులు చెడకుండా మిగిలాయి. చదువు రాని వారు తమ చెక్క గిన్నెలను పోల్చుకోవడానికి వాటి మీద కత్తితో గీసుకున్న గుర్తులు నేటికీ కనిపిస్తాయి. పేల దువ్వెనలు 80కి పైగా దొరికాయి. కొన్నింటి పళ్ల సందుల్లో ఈపులు కూడా అలాగే ఉన్నాయి. కొందరి భుజం ఎముక కొస అతుక్కోకుండా ఉండటాన్ని బట్టి, వారు చిన్ననాటి నుంచి బరువైన విల్లు లాగినవారై ఉంటారని పరిశోధకులు భావిస్తున్నారు. వడ్రంగి గది దగ్గర ఒక చిన్న కుక్క అస్థిపంజరం కూడా దొరికింది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. అంత మంచి ఓడ అయితే మరి ఎందుకు మునిగింది?

మూడో జవాబు:
ఓడ మలుపు తిరిగేటప్పుడు గాలి విసురుకు ఒరిగి, తెరిచి ఉన్న కింది వరుస ఫిరంగి కిటికీల గుండా నీళ్లు చొరబడ్డాయన్నది ఎక్కువమంది ఒప్పుకునే మాట. మనుషులూ ఫిరంగులూ ఎక్కువై బరువు పెరగడం, సిబ్బంది ఆజ్ఞలు పాటించకపోవడం కూడా కారణాలని కొందరంటారు. నన్ను బాధపెట్టేది మాత్రం ఆ వల. శత్రువులు ఓడ మీదికి దూకకుండా పై అంతస్తు మీద గట్టి వల కట్టారు. ఓడ మునుగుతున్నప్పుడు పైకి రాబోయిన సొంత మనుషులను ఆ వలే ఆపేసింది. వందలమందిలో బతికి బయటపడింది 40 మంది కూడా లేరు.