కొండ కింద పుట్టి సముద్రం మీద పీహెచ్‌డీ: చేయాలా, డీఎస్సీ రాసుకోవాలా?

కాళంగి_పిల్ల:
జువాలజీలో ఎమ్మెస్సీ, ఆపైన బీఈడీ అయ్యాయి. ఈసారి నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వచ్చింది. పులికాట్ సరస్సు ఒడ్డున పాడైన తీరాన్ని మళ్లీ నిలబెట్టే పని మీద పీహెచ్‌డీ చేయాలని ఆశ. "తిరుపతిలో పుట్టి సముద్రంలో దిగడమేంటే, డీఎస్సీకి చదువుకో" అంటాడు నాన్న. 2022లో జిల్లాలు మారాక సూళ్లూరుపేట, తడ మన జిల్లాలోకే వచ్చాయి, సముద్రం మనకూ ఉంది అంటే, "జిల్లాకి వచ్చింది, జీతానికి రాలేదు" అన్నాడు. ఈ రంగంలో ఉన్నవాళ్లూ, వదిలేసినవాళ్లూ ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

ఒడ్డునపడ్డోడు:
వదిలేసినవాణ్ణి నేనే. అమ్మాయ్, మీ నాన్న మాట విను.

జేఆర్‌ఎఫ్ నెలకు 37,000, రెండేళ్లయ్యాక 42,000. వినడానికి బాగానే ఉంటుంది. నాకు ఒకసారి నాలుగు నెలలు డబ్బు పడలేదు, గది అద్దె అమ్మే పంపింది. పీహెచ్‌డీ చేతికొచ్చాక అసలు కథ. ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే ఉద్యోగం. రెండేళ్లకో ఊరు, కొత్త సారు, మళ్లీ మొదటి నుంచి నమస్కారాలు. పర్మనెంటు పోస్టు ఒకటి పడితే నాలాంటివాళ్లు వందలమంది.

ఇంకో బాధ ఉంది, అది డబ్బుకి సంబంధించింది కాదు. తీరంలో ఉప్పునీళ్లలో పెరిగే మడ మొక్క నిలదొక్కుకుని అడవి కావడానికి ఏళ్లు పడుతుంది. ప్రాజెక్టు మూడేళ్లు. నాటిన రోజు ఫొటో, బ్యానరు, టిఫిను అన్నీ ఉంటాయి. మొక్క బతికిందా చచ్చిందా అని చూసే వేళకి లెక్క మూసేస్తారు. నేను నాటిన చోటికి తర్వాత సొంత ఖర్చుతో వెళ్లాను. కర్రలు మిగిలాయి.

పేట_తమ్ముడు:
మాది సూళ్లూరుపేట దగ్గర చేపలు పట్టే ఊరు. మొక్కలు నాటుతాం, తీరాన్ని కాపాడతాం అంటే మా వాళ్లకి నవ్వొస్తుంది. రాయదొరువు దగ్గర సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారం ఇసకతో పూడిపోతుంది. సముద్రం నీళ్లు లోపలికి రావు, రొయ్య రాదు, చేప రాదు. ఎండాకాలం మా వైపు సరస్సులో పిల్లలు క్రికెట్ ఆడతారు. ముందు ఆ సరస్సు నోరు తెరవండి అని మా తాత చెప్పేవాడు. ఆయనకు తెలిసిన ముక్కకి పీహెచ్‌డీ ఎందుకక్కా?

ఉప్పుగాలి:
తమ్ముడూ, మీ తాత చెప్పింది నిజం. కానీ తెరిచిన నోరు ఎన్నాళ్లు తెరుచుకుని ఉంటుంది? తవ్విన ఇసక ఎక్కడ పోస్తే మళ్లీ అక్కడికే రాదు? పైనుంచి కాళంగి, ఆరణి నదులు తెచ్చే మంచినీళ్లు తగ్గితే ఉప్పు ఎంత పెరుగుతుంది? పౌర్ణమి పోటుకీ అమావాస్య పోటుకీ వెళ్లి ఏళ్ల తరబడి కొలిస్తేనే ఇవి తేలతాయి. ఆ కొలిచే పనే పరిశోధన.

తమిళనాడులో పిచ్చావరం చూడండి. అక్కడ ఒకప్పుడు మడచెట్లు మొత్తంగా నరికేశారు. నేల కుంగి పళ్లెంలా అయింది. పోటుకి వచ్చిన నీళ్లు వెనక్కి పోలేక అక్కడే ఎండి ఉప్పు పేరుకుంది, కొత్త మొక్క మొలవలేదు. స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్లు చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. నీళ్లు వచ్చిపోవడం మొదలయ్యాకే చెట్లు లేచాయి. కృష్ణా, గోదావరి మడల్లోనూ అదే పద్ధతి వాడారు. దీనికి మందు నీళ్ల నడక, మొక్క కాదు. ఒడ్డునపడ్డోడు గారి కర్రలకీ కారణం అలాంటిదే అయ్యుండొచ్చు.

ఇంకోటి. పులికాట్‌లో ఖాళీగా కనిపించే బురద చూసి "ఇక్కడ మడ నాటేద్దాం" అనేవాళ్లు ఉన్నారు. ఫ్లెమింగోలు మేత మేసేది ఆ లోతులేని బురదనీళ్లలోనే. అక్కడ అడవి పెంచితే వాటి కంచం లాక్కున్నట్టే. 2004 సునామీ తర్వాత తీరంలో చాలాచోట్ల రక్షణ పేరుతో సరుగుడు వేశారు. కొన్నిచోట్ల అది తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసకదాకా వచ్చేసింది. ఎక్కడ నాటకూడదో చెప్పడానికి కూడా చదువుకున్న మనిషి కావాలి.

నైట్‌డ్యూటీ:
మేడమ్, పిల్ల అడిగింది ఉద్యోగం సంగతి. మీరు ఫ్లెమింగోల భోజనం సంగతి చెప్పారు.

ఉప్పుగాలి:
దొరికిపోయాను. నాకు 36. ఇప్పటికీ కాంట్రాక్టే. మా ఆయనకు బ్యాంకు ఉద్యోగం లేకపోతే నేనూ ఈపాటికి ఏ కాలేజీలోనో బోటనీ నోట్సు చెప్తుండేదాన్ని. ఇంట్లో ఒక స్థిరమైన జీతం ఉన్నవాళ్లే ఈ రంగంలో మిగులుతున్నారు. అది న్యాయం కాదు, కానీ అంతే. పిల్లా, మీ ఇంట్లో ఆ జీతం ఎవరిదో ముందు చూసుకో.

పేట_తమ్ముడు:
అక్కా, కొలవొద్దని నేను అనలేదు. మా పడవలోనే తిరిగి, మా వలలో చేపలు లెక్కపెట్టుకుని వెళ్తారు, తేలింది ఏంటో మాకు చెప్పరు. ఎంతమంది వచ్చారో! ఒక్క కాగితం తెలుగులో మా ఊరికి రాలేదు. కాళంగి_పిల్ల అది చేస్తానంటే నేను పడవ మాట్లాడి పెడతా. ఫ్లెమింగో పండగ రోజుల్లో రావద్దు, అప్పుడు అంతా అందంగానే ఉంటుంది. మే నెలలో రా.

ఒడ్డునపడ్డోడు:
ఆహా, పడవ ఫ్రీ. ఐదేళ్లు పోయేది ఆ అమ్మాయివి.

కాళంగి_పిల్ల:
నాన్నకి ఇవన్నీ చదివి వినిపించాను. ఉప్పుగాలి అక్క జీతం సంగతి దగ్గర "చూశావా" అన్నాడు. కర్రల దగ్గర ఏమీ అనలేదు. డీఎస్సీ దరఖాస్తు పెడతానన్నాను, పెడతాను. ఇంట్లో స్థిరమైన జీతం నాన్నదే, ఇంకో నాలుగేళ్లలో రిటైర్మెంటు. పీహెచ్‌డీకి ఐదేళ్లు, అక్క చెప్పిన లెక్క వేస్తే నాకు సరిగ్గా ఒక ఏడాది తక్కువొస్తోంది. ఆ ఏడాది గురించి ఇంట్లో ఇంకా తెగలేదు.

పేట తమ్ముడూ, మే దాకా ఆగను, ఈ ఆదివారం బస్సెక్కి వస్తున్నా. నాన్న కూడా వస్తానంటున్నాడు. బురదలో దిగడానికి ఏ చెప్పులు తెచ్చుకోవాలి?

ఉప్పుగాలి:
చెప్పులు బురదే ఊడబీక్కుంటుంది. మందం సాక్సులు రెండు జతలు, ఒకదానిమీద ఒకటి. గవ్వ పెంకులు కోస్తాయి. మీ నాన్నకీ రెండు జతలు.