పాత కత్తిని మళ్లీ వాడుకలోకి తేవాలి, ఎంతవరకు శుభ్రం చేయాలి?

ప్రశ్న:
మా తాతగారి కత్తి దొరికింది. అలుగు 8 అంగుళాలు, మొత్తం నల్లబడింది, మొన దగ్గర వేలితో రాస్తే ఎర్రటి పొడి అంటుకుంటోంది. కర్ర పిడి పగల్లేదు గానీ వదులు, ఊపితే టకటకమంటోంది. షోకేసులో పెట్టడానికి కాదు, రోజూ వంటింట్లో వాడాలి. గ్రైండర్ మీద పెట్టి అద్దంలా మెరిపిస్తానని మా తమ్ముడు ఒకటే గొడవ. చేయనివ్వనా?

జవాబు 1:
ముందు ఆ గ్రైండర్ దాచేయండి! పాత కత్తులు చాలావరకు కార్బన్ స్టీల్, మెషీన్ మీద వాదర (కోసే అంచు) వేడెక్కి నీలం తిరిగిందంటే అక్కడ దాదాపు 300 డిగ్రీలకు చేరినట్టే, ఉక్కు మెత్తబడిపోతుంది, ఆ తర్వాత ఎంత సాన పట్టినా పదును నిలవదు. ఇక నలుపు వేరు, ఎర్ర తుప్పు వేరు. నలుపు ఉండనివ్వండి, కొత్త తుప్పుని కొంత ఆపేది అదే. ఎర్రదాన్ని మాత్రం 400 నంబర్ ఎమరీ పేపర్‌కి కాస్త నూనె రాసి తీయండి. పదునుకి 1000 నంబర్ సానరాయి చాలు. కోణం కొలవక్కర్లేదు, రాయి మీద కత్తిని నిలువుగా పట్టి, సగానికి వాల్చి, అందులో మళ్లీ సగానికి వాల్చి, ఇంకాస్త పడుకోబెడితే 20 డిగ్రీల దగ్గరికి వస్తుంది.

జవాబు 2:
వెనిగర్‌లో నానబెట్టమని ఎవరైనా చెబితే జాగ్రత్త. నేను రాత్రంతా వదిలేశా. తుప్పుతో పాటు అలుగు మీది ముద్ర కూడా మసకబారింది, ఉక్కు గరుగ్గా తయారైంది. అరగంటకోసారి తీసి చూసుకోవాల్సింది.

జవాబు 3:
పిడి సంగతి ఎవరూ ఎత్తలేదేం? రివెట్లు లేకుండా, పొన్ను (పిడి మూతికి వేసే లోహపు కట్టు) బిగించి అలుగు తోకను లోపలికి దూర్చిన రకమైతే లోపలి లక్క పొడిబారి ఉంటుంది, ఆ టకటక అదే. అలుగుకి మందంగా గుడ్డ చుట్టి పిడి ఊడదీయండి, రంధ్రం గీకి, ఎపాక్సీ జిగురు నింపి దూర్చి, 24 గంటలు ముట్టుకోకండి. కర్రకి అవిసె నూనె పూస్తే, నూనె పూసిన గుడ్డను మాత్రం ఉండచుట్టి మూల పడేయొద్దు, దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. విప్పి బయట ఆరేయండి.

ప్రశ్న అడిగినవారు:
లక్కే! పిడి తిరగేసి కొడితే గోధుమరంగు పెంకులు రాలాయి. తమ్ముడి చేతికి ఎమరీ పేపర్ ఇచ్చి కూర్చోబెట్టా, మొహం మాడ్చుకున్నాడు. పుల్లటివి కోస్తే మళ్లీ నల్లబడుతుందా?

జవాబు 1:
బడుతుంది, బడనివ్వండి. కోసిన వెంటనే కడిగి పొడిగుడ్డతో తుడవండి, తడిగా సింక్‌లో మాత్రం వదలకండి.